కంచు చక్రానికి నేను పోయించిన ఆయిల్

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయిల్ వాసన చూసి జీతం తీసుకున్నాను. లీసెస్టర్‌లో ఒక ఆయిల్ కంపెనీ ల్యాబ్‌లో చేరేనాటికి నాకు తెలిసిన నూనెలు మూడే: నువ్వుల నూనె, వేరుశనగ నూనె, కొబ్బరి నూనె. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ఉందిగా అని ధైర్యం చేసి చేరిపోయాను. రిటైరయ్యేనాటికి మాత్రం, ఎవరైనా పాత యంత్రం ముందు నిలబడి దీని గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ పోయాలిరా దేవుడా అని తల పట్టుకుంటే, మా ఆఫీసులో "లక్ష్మికి ఫోన్ చెయ్యండి" అనేవారు. ఇది గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే చెబుతున్నాను.

మా హైదరాబాదు స్నేహితుల అమ్మాయి సౌమ్య వాట్‌ఫర్డ్‌లో ఉంటుంది. ఈ మధ్యే ఇలాంటి ఉద్యోగంలో చేరింది. మొన్న మా ఇంటికొచ్చి, "ఆంటీ, ప్రతి కంపెనీ చార్ట్ ఇస్తది కదా. మెషిన్ పేరు కొడితే ఆయిల్ పేరు వస్తది. ఇంక మనం చేసేదేముంది?" అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అయితే నీకు జీతమెందుకిస్తున్నారే?" అన్నాను. పిల్ల నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఒకసారి నేనూ అదే పని చేశాను. ఆ కథ ఆ అమ్మాయి కోసం, ఆమెలాంటివాళ్ళ కోసం రాస్తున్నాను. ఇందులోవాళ్ళంతా ఇంగ్లీషులోనే మాట్లాడారు. నాకు గుర్తున్న తీరులో తెలుగులో పెడుతున్నాను.

గోర్డన్ గారు

మా ల్యాబ్ పెద్ద గోర్డన్ గారు. ఎదురుగా అందరిలాగే నేనూ పేరు పెట్టే పిలిచేదాన్ని. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి, గారు పెట్టకపోతే నా చెయ్యి ఒప్పుకోదు. ఆయన ఎవర్నీ మెచ్చుకునేవారు కాదు. మనం చేసిన పనిలో తప్పు లేకపోతే, "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ" కోసం ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళున్నారు మా ల్యాబ్‌లో. నేనూ వాళ్ళలో ఒకదాన్ని.

చేరిన కొత్తలో నన్ను ఒక మేజోళ్ళ ఫ్యాక్టరీకి పంపారు. అప్పట్లో లీసెస్టర్‌లో అలాంటివి చాలా ఉండేవి. అక్కడ మేజోళ్ళని తెల్లబరిచే, రంగులద్దే పెద్ద తొట్టి, దాని మీద ఒక తాతలనాటి గేర్‌బాక్స్. నేను నా తెలివంతా ఉపయోగించి, అన్నిటికంటే ఖరీదైన సింథటిక్ ఆయిల్ రాసిచ్చాను. మంచిదే పోయించానన్న సంబరంలో ఉన్నాను. వారం తిరక్కుండానే ఫోన్. ఆ గేర్‌బాక్స్‌లో ఆయిల్ కారకుండా ఆపేవి తోలు సీళ్ళు. పాత చిక్కటి ఆయిల్‌లో నానీ నానీ, దానికి అలవాటు పడిపోయాయి. నా కొత్త ఆయిల్ వాటి సందుల్లోంచి చల్లగా జారి, కింద తొట్టిలో పడింది. స్కూలు పిల్లల తెల్ల మేజోళ్ళు వందల జతలు మచ్చలు పడిపోయాయి.

గోర్డన్ గారు తిట్టలేదు. ఒక మేజోడు నా బల్ల మీద పెట్టి, "నువ్వు పోసింది మంచి ఆయిల్. ఆ యంత్రానికి మంచిది కాదు. మంచిదేదని కంపెనీని అడగకు, యంత్రాన్ని అడుగు" అన్నారు. ఆ మేజోడు నా సొరుగులో చాలాకాలం ఉంది.

డబ్బా మీద ఏముంది

ఈ ముక్క పనిలోకి వచ్చేవాళ్ళ కోసం. మిగతావాళ్ళు కూడా చదవొచ్చు, కష్టమేం కాదు.

గేర్ ఆయిల్ డబ్బా మీద తొంభై అనీ, ఇంజన్ ఆయిల్ డబ్బా మీద యాభై అనీ ఉంటే, తొంభైది రెట్టింపు చిక్కగా ఉంటుందనుకుంటారు. కాదు. రెండూ వేరువేరు కొలతలు. అరచేతిలో పోసి చూడండి, చిక్కదనం దాదాపు ఒకటే. ఈ ఒక్కటి తెలియక తలకిందులైన ఇంజనీర్లని నేను చూశాను.

రెండోది, అసలైనది. ఇప్పటి గేర్ ఆయిళ్ళలో చాలావాటిలో సల్ఫర్, ఫాస్ఫరస్ ఉన్న మందు కలుపుతారు. విపరీతమైన ఒత్తిడిలో అది ఉక్కు పళ్ళ మీద సన్నటి పొరలా ఏర్పడి, పన్నుకీ పన్నుకీ మధ్య రాపిడి కాకుండా కాస్తుంది. లారీ వెనక ఇరుసులో అది దేవుడిచ్చిన వరం. కానీ పాత యంత్రాల్లో చాలాచోట్ల ఉక్కు మీద ఉక్కు తిరగదు. స్క్రూలాంటి ఉక్కు మర కింద కంచు చక్రం తిరుగుతుంది. దాన్నే వార్మ్ గేర్ అంటారు. ఆ మందు, బాగా వేడెక్కినప్పుడు, కంచుని నల్లబరిచి తినేస్తుంది. అన్ని ఆయిళ్ళూ ఒకేలా తింటాయని కాదు. ఈ మధ్య వచ్చేవి కొన్ని మెరుగు. అయినా డబ్బా మీద మాట నమ్మి పోసెయ్యకండి, పరీక్ష చేయండి.

పరీక్ష పెద్ద విద్య కాదు. గోర్డన్ గారు ఒక డబ్బా నిండా పాత పెన్నీ నాణేలు దాచేవారు. పాతవే కావాలి, అవి నిఖార్సయిన కంచు. కొత్తవి లోపల ఉక్కు, పైన రాగి పూత. అయస్కాంతం పెడితే దొంగ దొరికిపోతుంది. పెన్నీని బాగా తోమి, ఆయిల్‌లో వేసి, ల్యాబ్ ఓవెన్‌లో కొన్ని గంటలు వేడి మీద ఉంచాలి. తీసి తుడిస్తే మెరుస్తూనే ఉంటే మంచి ఆయిల్. నల్లబడితే, ఆ ఆయిల్‌ని కంచు దరిదాపులకి రానివ్వకూడదు.

లెన్, ఆయన క్రేన్

లీసెస్టర్‌కి కొద్ది దూరంలో మూతపడిన గ్రానైట్ క్వారీ ఒకటి ఉంది. అందులో పాత యంత్రాలు బాగుచేసే వాలంటీర్ల సంఘం ఒకటి నడుస్తుంది. అక్కడ పరిచయమయ్యారు లెన్. అప్పటికే డెబ్భై దాటిన మనిషి. క్వారీ నడిచిన రోజుల్లో అక్కడి డీజిల్ క్రేన్ మీద ఇరవై ఆరేళ్ళు డ్రైవరు. క్వారీ మూసేశాక ఆ క్రేన్ తుప్పు పట్టి ముళ్ళపొదల్లో పడి ఉంటే, స్నేహితుల్ని కూడగట్టి తొమ్మిదేళ్ళు కష్టపడి లేపారు.

లీసెస్టర్ పాతవాళ్ళు ఆడా మగా తేడా లేకుండా ఎవర్నయినా ముద్దుగా "మి డక్" అని పిలుస్తారు. లెన్ కూడా నన్నలాగే పిలిచేవారు. నన్ను బాతంటాడేమిటీయన అని మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఆ పిలుపు వినకపోతే తోచేది కాదు.

ఆయన క్రేన్ నడపడం చూడాలి. పబ్లిక్‌ని రానిచ్చే రోజుల్లో ఏనుగంత గ్రానైట్ బండని లేపి, బండి మీద దించేవారు. దించేటప్పుడు బండ ఎప్పుడు బండికి తగిలిందో మనకి తెలియదు. చప్పుడే ఉండదు. చేత్తో పాపాయిని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించేవారు. చదువు, డిగ్రీ ఏమీ లేని ఆ చేతుల్ని చూసి నేను చాలాసార్లు సిగ్గుపడ్డాను.

శుక్రవారం ఫోన్

క్రేన్‌కి అప్పటిదాకా పోస్తూ వచ్చిన, క్వారీ షెడ్‌లో దొరికిన పాత డ్రమ్ములో ఆయిల్ అయిపోయింది. డ్రమ్ము మీద పేరు చెరిగిపోయింది. యంత్రం తాలూకు పుస్తకంలో ఆ పేజీ లేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం లెన్ నాకు ఫోన్ చేశారు.

ఆ రోజు నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. మర్నాడు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం, నలభై మంది భోజనాలకి. ఇల్ఫర్డ్ నుంచి మా తోడికోడలు పెద్ద ఇత్తడి గుండిగ తెచ్చింది. మూత తీసి చూస్తే లోపల కళాయి అంతా పోయింది. "అయ్యయ్యో, ఇందులో పులుసు పెట్టకమ్మా! చిలుము పట్టి నలభై మందికీ కడుపులో తిప్పుతుంది" అని గట్టిగా కేకలేస్తున్నాను. అదిగో, సరిగ్గా అప్పుడు మోగింది ఫోన్.

"బరువులెత్తే గేర్‌బాక్స్‌కి ఏం పొయ్యమంటావ్, మి డక్?"

ఒక చేతిలో గుండిగ మూత, ఇంకో చేతిలో ఫోన్. మూత కింద పెట్టి, బ్యాగులోంచి చార్ట్ తీసి, హెవీ గేర్ ఆయిల్ అన్న వరసకి ఎదురుగా ఉన్న కొత్త పేరు చదివేసి, అలవాటుగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అది మందు దండిగా ఉన్న ఆయిల్. లోపల చక్రం దేంతో చేశారు అని నేనడగలేదు. నిపుణురాలు చెప్పింది కదా అని ఆయనా అడగలేదు. ఇత్తడి గిన్నెలో పులుసు పొయ్యనివ్వని మనిషిని, కంచు చక్రం మీద దానికంటే చెడ్డదాన్ని పోయించాను. రెండు పనులూ ఒకే నిమిషంలో చేశాను. నా మొహం, ఇంకేం చెప్పను!

సీసాలో మెరుపు

ఆ ఫోన్ తర్వాత రెండో వేసవి సగంలో లెన్ దగ్గర్నుంచి పోస్టులో ఒక సీసా వచ్చింది. గేర్‌బాక్స్‌లోంచి తీసిన ఆయిల్. దాంతో పాటు ఒక ఉత్తరం.

బరువు దించేటప్పుడు కుదుపు వస్తోందనీ, రెండుసార్లు బండ బండికి గట్టిగా కొట్టుకుందనీ రాశారు. "నా చేతులు మొద్దుబారిపోయాయి. ఇన్నేళ్ళు కాపాడిన యంత్రాన్ని నేనే పాడు చేశాను. ఇంక సీటు ఎక్కనని సంఘానికి చెప్పేశాను. వచ్చే మీటింగులో క్రేన్‌ని శాశ్వతంగా ఆపేసి, గొలుసులు వేసి నిలబెడతారట. ఆయిల్ సంగతి చూడు, ఇంకెవరికైనా పనికొస్తుంది."

సీసాని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. నల్లటి ఆయిల్‌లో బంగారపు పొడిలా మెరుస్తోంది. కంచు. నా నోట్‌బుక్ తీసి చూస్తే, ఆ శుక్రవారం తేదీ కింద నా చేతిరాతలోనే ఉంది ఆయిల్ పేరు. ఆ ఆయిల్ కొత్తది తెచ్చి, పెన్నీ వేసి ఓవెన్‌లో పెట్టాను. తీసేసరికి బొగ్గులా ఉంది.

మా సేల్స్ మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన తలుపు వేసి, "ఫోన్‌లో చెప్పావు. వాళ్ళకి రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. ముసలాయన తన చేతులదే తప్పంటున్నాడు కదా, నువ్వెందుకు మధ్యలో దూరతావ్?" అన్నాడు. ఒక్క క్షణం, ఒప్పుకుంటున్నాను, ఆ మాట నాకు తియ్యగానే వినబడింది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

గోర్డన్ గారు సీసా చూశారు, పెన్నీ చూశారు. "ఫోన్‌లో చెప్పకు. వెళ్ళి చెప్పు" అన్నారు. అంతే.

మా ఆయన హాస్పిటల్లో మత్తు డాక్టరు. ఆ వారం ఆదివారం డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్నారు. ఓదారుస్తారేమో అని చెప్పాను. "ఆపరేషన్ బల్ల మీదున్న మనిషిని నీ పేరేంటి, ఎందుకొచ్చావని సర్జన్, నర్సు, నేను ముగ్గురం మూడుసార్లు అడుగుతాం లక్ష్మీ. నువ్వు ఒక్కసారైనా లోపలేముందని అడగలేదా?" అన్నారు. మరి డాక్టర్లు ఇలాగే ఓదారుస్తారు కాబోలు. ఆయన మాట నిజమే కాబట్టి ఇంకా మండింది.

షెడ్‌లో

వెళ్ళాను. లెన్ షెడ్‌లో కూచుని ఇనపతాళ్ళకి గ్రీజు రాస్తున్నారు. నడపడం మానేసినా, గ్రీజు రాయడం మానలేదు. నన్ను చూసి టీ పెట్టబోయారు. వద్దని, నిలబడే చెప్పేశాను. "లెన్, మీ చేతులు కాదు. నేనిచ్చిన ఆయిల్. అది కంచుని తినేసింది. పన్ను అరిగి సందు ఏర్పడింది, అందుకే ఆ కుదుపు. తప్పు నాది."

ఆయన తన రెండు చేతులూ గుడ్డతో తుడుచుకుని, వాటినే చూసుకుంటూ అడిగారు.

"అయితే... ఇవి కావా?"

"కావు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను నాలుగు తిట్టినా ఇంతకన్నా సుఖంగా ఉండేది. రెండు నెలలుగా ఆ మనిషి తన చేతుల్ని తానే అనుమానించుకుంటూ కూచున్నాడు. నేనేమో హాయిగా ఆఫీసుకి వెళ్ళొస్తున్నాను.

"మూత తీసి చూడమని నాకెందుకు చెప్పలేదు?" అన్నారు చివరికి.

"తొందరలో ఉన్నాను. మర్నాడు మా ఇంట్లో పూజ."

"పూజ బాగా జరిగిందా?"

"బాగానే జరిగింది."

"పోన్లే, ఒక్కటైనా బాగా జరిగింది" అని లేచి, స్పానర్ల పెట్టె తీశారు. "పద, లోపలేం మిగిలిందో చూద్దాం."

రెండు చుక్కలు

తర్వాతి శనివారం గేర్‌బాక్స్ విప్పాం. గోర్డన్ గారు కూడా పాత ఓవరాల్స్ వేసుకుని వచ్చారు. పిలవలేదు, ఆయనే వచ్చారు. చక్రం బయటికి తీస్తే, పళ్ళు ఒక పక్క కత్తి అంచులా సన్నబడిపోయాయి. ఇంకో పక్క నల్లబడ్డాయి కానీ నిండుగానే ఉన్నాయి. కారణం తేలికే. బరువు ఎత్తినా, దించినా, తాడు లాగేది కిందికే. కాబట్టి ఒత్తిడి ఎప్పుడూ పన్నుకి ఒకే వైపు పడుతుంది. అరిగేది ఆ వైపే.

కొత్తది పోతపోయించి పళ్ళు కోయించడం సంఘం వల్ల అయ్యే పని కాదు. ముగ్గురం దాని చుట్టూ నిలబడ్డాం. పళ్ళున్నది కంచు వలయం, దాన్ని లోపలి ఇనప చక్రానికి బోల్టులతో బిగించారు. లెన్ వలయాన్ని గుడ్డతో తుడుస్తూ, వేళ్ళతో అంచంతా తడిమి చూస్తున్నారు. ఒకచోట చెయ్యి ఆగింది. కంచు మీద కొట్టిన చిన్న చుక్క. వలయాన్ని తిరగేసి అవతలి ముఖం తడిమారు. అక్కడ రెండు చుక్కలు.

"ఒకటో పక్క, రెండో పక్క" అన్నారు లెన్ మెల్లగా. "దీన్ని తిప్పి బిగించడానికే చేశారు, మి డక్. ఒక పక్క అరిగిపోతే రెండోది వాడుకోమని."

బోల్టు రంధ్రాలు కొలిచాం. ఏ ముఖం పెట్టినా అచ్చుగుద్దినట్టు సరిపోయేలా తొలిచారు. ఆ క్రేన్ చేసినవాళ్ళెవరో నాకు తెలియదు. ఎన్నడో ఏ డ్రాయింగు బల్ల ముందో కూచుని, తాము పోయాక ఈ చక్రం అరుగుతుంది, అప్పుడెవరో దీని ముందు దిక్కుతోచక నిలబడతారు అని ఆలోచించారు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. నిజంగానే పెట్టాను. గోర్డన్ గారు వింతగా చూశారు.

అయితే ఇంక మూడో పక్క లేదు. ఇప్పుడు ఆయిల్ తప్పితే క్రేన్ కథ అక్కడితో ముగుస్తుంది. లెన్ సీటు కథ కూడా.

ఈసారి చార్ట్ తెరవలేదు. పాత డ్రమ్ము పడుకోబెట్టి, అడుగున గట్టిపడ్డ మడ్డిని గరిటెతో గీకి ల్యాబ్‌కి తెచ్చాను. పరీక్షిస్తే, సల్ఫర్ మందు జాడ కూడా లేదు. మామూలు ఖనిజ నూనె, బాగా చిక్కనిది, అందులో కొంచెం జంతువుల కొవ్వు. స్టీమ్ ఇంజన్ల సిలిండర్లకి వాడేవారే, ఆ రకం. మర కింద చక్రం రోజంతా ఒరుసుకుంటూ జారుతుంది కాబట్టి, ఆ జారుడుకి కొవ్వు సాయం చేస్తుంది. అలాంటి ఆయిళ్ళు ఇప్పటికీ దొరుకుతాయి, అడిగేవాళ్ళు లేరు గానీ. నాలుగు రకాలు తెప్పించి, నాలుగింట్లో పెన్నీలు వేశాను. అన్నిటిలోకీ మెరుస్తూ వచ్చిన పెన్నీ ఏ ఆయిల్‌లోదో అది తీసుకున్నాం. ఈ క్రేన్‌కీ ఉన్నవి తోలు సీళ్ళే, అవి కారకుండా చూసే చిక్కదనం కూడా దానికుంది. గోర్డన్ గారికి నా కాగితం చూపించాను. చదివి, "ఊఁ" అన్నారు.

రేకు

వలయం తిప్పి బిగించి, ఆయిల్ పోసి, మూడు శనివారాలు ఖాళీ కొక్కెంతో నడిపాం. క్రేన్ ఇన్‌స్పెక్టరు వచ్చి, బరువు పెట్టి చూసి సంతకం చేశాడు. గొలుసుల మాట సంఘం మానుకుంది. ఆఖరికి లెన్ సీటెక్కారు. బండ లేపి, బండి మీదికి తెచ్చి, దించడం మొదలెట్టారు. ఊపిరి బిగబట్టి వింటున్నాను. చప్పుడు లేదు. తాడు వదులైతే గానీ బండ దిగిందని తెలియలేదు. చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొడుతుంటే, లెన్ కిందికి దిగకుండా అదే బండని మళ్ళీ లేపారు. అలా ఆరుసార్లు. ఎవరూ ఆపలేదు. ఆయన మొహం చూసి ఎవరికీ ఆపబుద్ధి కాలేదు.

ఆయిల్ పోసే మూత పక్కన ఒక రేకు బిగించి, దాని మీద ఆయిల్ పేరు రాయాలనుకున్నాం. నేను దాని కింద ఇంకో ముక్క కూడా రాయాలన్నాను. లెన్ ఒప్పుకోలేదు. "అదెందుకు, మి డక్? జరిగింది మనిద్దరికీ తెలుసు, చాలదా?"

"మనిద్దరం ఎప్పుడూ ఉండంగా, లెన్" అన్నాను.

ఆయన బ్రష్ తీసుకున్నారు. అక్షరాలు కుదురుగా రాయడం ఆయనకే చేతనవును. నేను చెబుతుంటే తెల్ల రంగుతో రాశారు. తర్వాత నన్ను ఆయిల్ డబ్బా మూత గట్టిగా బిగించి రమ్మని పంపి, నేను తిరిగొచ్చేలోగా ఇంకో వరస చేర్చేశారు.

లెన్ పోయి నాలుగేళ్ళయింది. క్రేన్ ఇప్పటికీ బండలు లేపుతోంది. సౌమ్యని పోయిన నెల తీసుకెళ్ళి, ఆ రేకు ముందు నిలబెట్టాను. అందులో ఆయిల్ పేరు కింద ఉన్నది ఇది:

"ఈ ఆయిల్ తప్ప వేరేది పోయవద్దు. లోపల కంచు. మొదటి పక్కని పాడుచేసిన ఆయిల్ ఎంచింది లక్ష్మి. ఇది రెండో పక్క. మూడోది లేదు.

వచ్చి చెప్పింది కూడా ఆవిడే."